నీరంగి రాణి

తిర్యాణి,
జులై 2024.

కరుణ్,

క్షేమంగా చేరాను. బస్సు ఆసిఫాబాద్ దాటిన కాసేపటికే ఫోన్‌లో సిగ్నల్ పోయింది. మా గురుకులం గుట్ట పక్కన ఉంది. ఎవరితోనైనా మాట్లాడాలంటే నీళ్ల ట్యాంకు మెట్లెక్కి పైన నిలబడాలి. టీచర్లందరూ సాయంత్రం అక్కడ వరస కడతారు.

నేను మాత్రం నీకు ఉత్తరాలే రాస్తాను. సిగ్నల్ లేకపోవడం ఒక సాకు. ఫోన్‌లో నువ్వు ‘ఆఁ’, ‘ఊఁ’ తప్ప ఏమీ అనవు. జనవరిలో మనం పాప లేకుండా దవాఖాన నుంచి ఇంటికి వచ్చినప్పటి నుంచీ నువ్వు నాతో అన్న మాటలన్నీ కూడినా ఈ కాగితం నిండదు. పెళ్లికి ముందు ఇలా ఉండేవాడివి కాదు. మైలార్‌దేవ్‌పల్లిలో మా బాపు కంట పడకుండా నువ్వు పంపిన ఉత్తరాలు చదివే కదా, కులం కాదు, మతం కాదు అని ఇంట్లో అందరూ మొత్తుకుంటున్నా నీ వెంట వచ్చాను. నీకు కాగితం మీదే మాటలు వస్తాయి. అందుకే ఇలా.

టీచరు ఉద్యోగం వచ్చింది కాబట్టి వెళ్తున్నానని అందరికీ చెప్పాను. నీకు అబద్ధం చెప్పను. సాతంరాయిలో ఆ గదిలో ఉండలేకపోయాను. మీ అమ్మ వేళకు వండిపెడుతుంది, ప్రార్థన చేస్తుంది, నా తల దువ్వుతుంది. పాప మాట మాత్రం ఎత్తదు. నువ్వూ ఎత్తవు. ఎనిమిదో నెల దాకా మోసినదాన్ని నేను. కడుపు కోసి తీశారు. మత్తు దిగి కళ్లు తెరిచేసరికి అంతా అయిపోయింది. నా పక్కన ఉయ్యాల లేదు, గుడ్డలు లేవు, ఏమీ లేదు. “ఇగ ఆరాం చెయ్యి బిడ్డా” అంది అత్తమ్మ. అంతే. నా బిడ్డ ఎలా ఉందో లోకంలో నాకొక్కదానికే తెలియదు.

ఇక్కడ వానలు విడవడం లేదు. నా ఆకుపచ్చ శాలువా పంపు. ఎప్పుడొస్తావని మాత్రం అడగకు.

అనుపమ

———

సాతంరాయి,
ఆగస్టు.

అనూ,

శాలువా పంపాను. అమ్మ అందులో సకినాలు చుట్టి పెట్టింది, నలిగిపోయాయేమో చూడు. ప్రార్థనలో ముందు నీ పేరు చెప్పి ఆ తర్వాతే నా పేరు చెప్తోంది.

నేను బాగానే ఉన్నాను. విమానాశ్రయం కార్గోలో అదే పని, పెట్టెలకు చీటీలు అంటించడం. ఈ నెలంతా పూలు ఎక్కువ పోతున్నాయి. పెట్టెలు మూసి ఉన్నా మల్లెల వాసన చేతులకు అంటుకుంటుంది. ఇంటికి వచ్చాక అమ్మ “ఏందిరా, పెండ్లికి పోయొచ్చినవా” అంటుంది.

ఒక సంగతి చెప్పాలి. నేను మళ్లీ కవిత్వం రాస్తున్నాను. ఎప్పుడో మునిగిపోయిన ఒక నగరం గురించి. అలాంటిది ఎక్కడా లేదు, నేనే కట్టాను. మన శంషాబాద్ రాతిగుండ్ల కింద, ఏ చరిత్రకూ అందనంత వెనక ఉండేదనుకో. దాని పేరు నీరంగి. ఆ మాట నీకు తెలిసే ఉంటుంది, మేలిముసుగు అని అర్థం. పాత నిఘంటువులో దొరికింది, నచ్చింది. ఎందుకు రాస్తున్నావని అడగకు. ఎప్పుడొస్తావని నేను అడగడం లేదు కదా.

నాతో పనిచేసే జీవన్ లేడూ, అత్తాపూర్‌లో వాళ్ల మిద్దె మీద ఆదివారం సాయంత్రాలు కవులు కూడతారు. నన్నూ లాక్కుపోయాడు. నేను చదువుతుంటే ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. చాలామందే చూస్తున్నారట. నీకు ఒకటి పంపుతున్నాను.

నీరంగిలో మనుషులు నిలబడేవారు,
వీధులే నడిచేవి.
ఎవరిల్లు కావాలో తలుచుకుంటే చాలు
ఆ ఇల్లు అరుగులు ఈడ్చుకుంటూ వచ్చి
ముందు ఆగేది.

అక్కడ నిద్రను తూకం వేసి అమ్మేవారు.
ఏడుపును మాత్రం అమ్మేవారు కాదు.
కుండల్లో పోసి ఇంటి కప్పు మీద ఉంచితే
తెల్లారేసరికి వాన అయ్యేది.

ఒకనాడు వీధులన్నీ నడిచి నడిచి
తిరిగి రావడం మరిచాయి.
నిలబడ్డవాళ్లు నిలబడే రాళ్లయ్యారు.
ఇప్పుడు మన నెత్తి మీద
ఇంత తక్కువ ఎత్తులో పోయే ఇనుప పక్షులు
ఆ ఊరి గువ్వల మునిమనవలు.
దిగే చోటు దొరక్క అరుస్తాయి.

ఎలా ఉందో చెప్పు. టీచరుగా చెప్పు.

కరుణ్

———

తిర్యాణి,
సెప్టెంబర్.

కరుణ్,

టీచరుగా చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నాను. బాగుంది. ‘అరుగులు ఈడ్చుకుంటూ’ దగ్గర నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వాను. పక్క మంచం టీచరు లేచి చూసింది.

ఎనిమిదో తరగతి పిల్లలకు చదివి వినిపించాను. వాళ్లు ఊరుకుంటారా? సగం మంది వీధులయ్యారు, సగం మంది నిలబడ్డ మనుషులయ్యారు. మైదానమంతా ఒకటే ఉరుకులాట. ఒక పిల్ల నా దగ్గరికి వచ్చి, “టీచర్, నిద్ర కిలో ఎంతకిస్తరు? మాకు పొద్దుగాల లేవబుద్ధి అయితలేదు” అంది. నీరంగిలో బడి ఉండేదా, బెల్లు ఎవరు కొట్టేవారు, రాజెవరు అని ప్రశ్నలే ప్రశ్నలు. నాకు జవాబులు తెలియవు. నువ్వే రాసి పంపు.

రాజెవరో చెప్పమని మరీ మరీ అడిగారు.

సకినాలు ముక్కలయ్యాయి. ముక్కలే పంచుకున్నాం. అత్తమ్మతో బాగున్నాయని చెప్పు.

నిన్న బడి గోడ మీద ఒక పిచుక తడిసి కూర్చుంది. దాన్ని చూస్తూ నీతో మాట్లాడాలనిపించింది. ట్యాంకు సగం దాకా ఎక్కాను. దిగిపోయాను.

అనూ

———

తిర్యాణి,
అక్టోబర్.

కరుణ్,

నువ్వు జవాబు రాసేలోపే నాకు జవాబు దొరికింది. దసరా సెలవులకు ఇళ్లకు పోయిన పిల్లలు ఫోన్లలో నీ వీడియోలన్నీ చూసి వచ్చారు. నన్ను ఆశ్చర్యపరుద్దామని ఒక కవితను పాటగా కట్టి, కోలాటం కర్రలతో ఆడి చూపించారు. నేను ముందు వరుసలో కుర్చీలో కూర్చున్నాను. వాళ్లు పాడింది ఇది.

నీరంగికి రాజులు మాట నేర్వనివారే,
మాట నేర్చిన నాడు కిరీటం దించేవారు.
అందరిలో చిన్న రాణి సోన
ఒక్క మాటా నేర్వలేదు,
ఆమె ఏలుబడి ముగియలేదు.

ఎడమ చెవి కొస ఆకులా మడిచి ఉంది
లోకం గోల సగమే చాలన్నట్టు.
కుడి బొటనవేలు పిడికిట్లో దాచింది
రాజముద్ర ఎవరికీ ఇవ్వనన్నట్టు.
నుదుట జుట్టు తడితడిగా
అప్పుడే నది దాటి వచ్చినట్టు.

సోన. మనిద్దరం కలిసి పెట్టుకున్న పేరు. సన్నగా, ఆగకుండా పడే వాన అన్నావు నువ్వు. అటు చర్చిలోనూ ఇటు మా ఇంట్లోనూ ఎవరూ కాదనలేని పేరు అన్నాను నేను. పుట్టేదాకా ఎవరికీ చెప్పొద్దనుకున్నాం. పుట్టాక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆ పేరును నేను ఈ రోజు దాకా బయటికి ఒక్కసారి కూడా పలకలేదు. దాన్ని అరవై మంది పిల్లలు కర్రలు కొడుతూ పాడుతుంటే నేను చప్పట్లు కొట్టాలి.

కొట్టాను. పిల్లలు కదా.

పేరు సంగతి సరే. ఆ చెవి ఎక్కడిది? అది మా బాపు చెవి. ఎడమ చెవి కొస మడిచి ఉంటుంది. మా నానమ్మకూ అలాగే ఉండేదట. ఎవరూ కూర్చుని కల్పించగలిగేది కాదది. నువ్వు చూసింది రాశావు. నా బిడ్డను చూసి, ఆ ముఖాన్ని యూట్యూబ్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లకు చూపించావు. కన్నదానికి చూపించలేదు.

ఆ చెవి గురించి నేను ఎనిమిదో తరగతి పిల్లల నోట వినాల్సి వచ్చింది.

అనుపమ

———

సాతంరాయి,
నవంబర్.

అనూ,

యూట్యూబ్ నుంచి వీడియో తీయించేశాను. జీవన్ ఎందుకని అడిగాడు, చెప్పలేదు.

నిన్ను బాధపెట్టాలని రాయలేదు. నువ్వు అడిగినదానికి జవాబు రాద్దామని కూర్చుంటాను. కలం పట్టగానే నీరంగి గోడలు, నీరంగి దీపాలు, నీరంగి నదులు వస్తాయి. అసలు సంగతి రాదు. నాలుగు కాగితాలు చింపేశాను. నన్ను ఇంకొన్నాళ్లు ఇలా వదిలెయ్యి.

అమ్మకు కాలు వాపు. తగ్గుతోంది.

కరుణ్

———

తిర్యాణి,
నవంబర్.

కరుణ్,

వదలను.

కవిత్వం వద్దు. ఏం చూశావో అది రాయి. పోలికలు పెట్టకు. ఆమెను ఎక్కడ పెట్టారో అదీ రాయి.

అనుపమ

———

సాతంరాయి,
డిసెంబర్.

అనూ,

రాస్తున్నాను. ఆగకుండా రాస్తాను, మధ్యలో ఆగితే మళ్లీ రాయలేను.

పొద్దున పదింటికి నిన్ను లోపలికి తీసుకెళ్లారు. కొంతసేపటికి ఒక నర్సు తువాలులో తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఏడుపు లేదు. కడుపులోనే పోయిందని ముందే చెప్పారు కాబట్టి నేను ఏడుపు కోసం ఎదురుచూడలేదు అనుకున్నాను. కానీ ఎదురుచూశాను.

జుట్టు చాలా ఉంది. నల్లగా, నుదుటికి అంటుకుని ఉంది. కనుబొమ్మలు ఇంకా పూర్తిగా రాలేదు. ముక్కు నాది, వెడల్పు. గడ్డం నీది. పెదవులు బాగా ముదురు రంగులో ఉన్నాయి, అవి చూసి భయపడ్డాను. ఎడమ చెవి కొస మడిచి ఉంది. నేను వేలితో విప్పి చూశాను, మళ్లీ మడుచుకుంది. కుడిచేయి పిడికిలి, బొటనవేలు లోపల. గోళ్లు పెరిగి ఉన్నాయి. కళ్లు తెరవలేదు. వాటి రంగు నాకు తెలియదు, అడగకు. బరువు నర్సు చెప్పింది, నేను వినలేదు. వెచ్చగా ఉంది. అది నీ వెచ్చదనం.

తల్లికి చూపిస్తారా అని డాక్టరమ్మ అడిగింది. వరండాలో ఉన్న పెద్దవాళ్లందరూ వద్దన్నారు. “చూస్తె మర్వది. పిల్ల మనసు ఖరాబైతది” అన్నారు. అప్పుడు నా నోరు పడిపోయింది. అప్పటి నుంచి అలాగే ఉంది.

అమ్మ ఒడిలోకి తీసుకుంది. “గోరెచ్చటి నీళ్లు తేపోరా, పిల్లకు సలి పెడ్తది” అంది. నర్సు, “ఎందుకమ్మా ఇగ” అంది. అమ్మకు కోపం వచ్చింది. “నా మనుమరాలికి నేను తానం పోసుకుంట. నీకేమైంది?” అంది. పోసింది. సబ్బు పెట్టి, తల తుడిచి, తన పాత నేత చీర చింపి చుట్టింది. చేస్తున్నంతసేపూ పిల్లతో మాట్లాడుతూనే ఉంది. నీ దగ్గరికి వచ్చాక పాప గురించి ఒక్క మాటా రాలేదు ఆమెకు. ఆ మాట ఎత్తితే ఏడుస్తానని భయం. ఇప్పటికీ అంతే.

ఇంకొకటి. మీ బాపు వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. మన పెళ్లి తర్వాత ఆయన నా ముఖం చూడటం అదే మొదలు. గుడ్డ తప్పించి పాపను చూశాడు. చాలాసేపు చూశాడు. తన చెవి తడుముకున్నాడు. “మా అమ్మ చెవి” అన్నాడు. గుంత నన్ను తవ్వనివ్వలేదు, ఆయనే తవ్వాడు. వెళ్లేటప్పుడు, “నేనొచ్చిన్నని అనూకు చెప్పకు. నా మీద కోపంతోనన్న జర గట్టిగ ఉంటది” అన్నాడు. మాట ఇచ్చాను. ఇప్పుడు తప్పుతున్నాను.

ఎక్కడ పెట్టామని అడిగావు. మన ఊరి వెనక గుండ్ల మధ్య కొంత జాగా ఉండేది. పసివాళ్లను అక్కడే పెట్టేవారు. చర్చివాళ్ల పిల్లలు, గుడివాళ్ల పిల్లలు, అందరూ పక్కపక్కనే. సమాధులు కట్టరు, పేర్లు రాయరు. అమ్మ ప్రార్థన చేసింది. మీ బాపు పసుపు కుంకుమ చల్లాడు. ఒకరినొకరు వద్దనలేదు.

ఏప్రిల్‌లో మళ్లీ పోయాను. నిన్ను తీసుకుపోదామని, ముందు దారి చూసి వద్దామని. గుండ్లు లేవు అనూ. పగలగొట్టి చదును చేశారు. చుట్టూ ప్రహరీ, లోపల గోదాము లేస్తోంది. ఎవరో కొన్నారట. అక్కడ పిల్లలున్నారని కొన్నవాళ్లకు ఎవరు చెప్తారు? కాగితాల్లో అది ఉత్త రాళ్ల నేల. అక్కడ తవ్విన మట్టి ఎక్కడికి పోయిందని లారీ డ్రైవర్‌ని అడిగాను. “ఎక్కడ గుంతలుంటె అక్కడ పోసినం అన్నా” అన్నాడు.

ఆ సంగతి నీకు ఎలా చెప్పను? ఒకసారి పోగొట్టుకున్నావు. రెండోసారి పోయిందని ఏ నోటితో చెప్పను? ఆ మధ్యాహ్నం డ్యూటీకి పోయి, అన్నాల వేళ కార్గో మెట్ల మీద కూర్చుని నీరంగి రాశాను. ఎవరూ కొనలేని, తవ్వలేని ఊరు ఒకటి కావాలనిపించింది. కట్టి, అందులో ఆమెను పెట్టాను. చిన్నపిల్ల ఒక్కతే ఉంటుందని వీధులు, ఇళ్లు, మనుషులు, గువ్వలు అన్నీ పెట్టాను.

ఇంతే. ఇంకేం లేదు నా దగ్గర.

కరుణ్

———

తిర్యాణి,
జనవరి 2025.

కరుణ్,

ఉత్తరం అందింది. పిల్లలు స్టడీ అవర్‌లో ఉన్నారు. బట్టలు ఆరేసే చోటికి పోయి చదివాను. గడ్డం నాదని రాశావు. అక్కడే చాలాసేపు ఆగిపోయాను.

రెండో శనివారం వస్తున్నాను. ఆ ప్రహరీ దగ్గరికి తీసుకుపో. అత్తమ్మ కాలు బాగుంటే ఆమె కూడా రావాలి. బాపుకు నేనే ఫోన్ చేస్తాను. ట్యాంకు ఎక్కుతాను.

అనూ

———

తిర్యాణి,
ఫిబ్రవరి.

కరుణ్,

బస్సు దిగిన రోజే రాద్దామనుకున్నాను. చేయి రాలేదు.

నువ్వూ అక్కడే ఉన్నావు కానీ నీ చూపంతా నేల మీదే ఉంది. అందుకని నేను చూసింది నీకు రాస్తున్నాను. గేటు దగ్గర కాపలా ఆయన “ఎవరు గావాలె?” అన్నప్పుడు నువ్వు, బాపు ఇద్దరూ తలలు దించుకున్నారు. అత్తమ్మే ముందుకు పోయింది.

“మా పిల్ల ఉన్నది లోపల.”

“ఏం పని జేస్తది?”

“ఏం జెయ్యది. పండుకున్నది.”

ఆయనకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. మన నలుగురి ముఖాలు చూశాడు. అప్పుడు ముఖం తిప్పుకుని గేటు తీశాడు. “సార్లు రాకముందె ఎల్లండమ్మా” అని మాత్రం అన్నాడు.

లోపల ఎంత పెద్ద జాగా! అంతా సిమెంటు. నువ్వు తిన్నగా పోయి గోదాము మూల దగ్గర నిలబడ్డావు. ‘ఇక్కడే’ అన్నావు. అత్తమ్మ నీ వెనక రాలేదు. కుంటుకుంటూ గోడ వైపు పోయి అక్కడ నిలబడింది. “గీడ రా కొడుకా. నేను మోకరించింది గీడనే” అంది. బాపు మీ ఇద్దరి దగ్గరికీ పోలేదు. లారీలు ఆగేచోట కాళ్ల కింద చూసుకుంటూ నిలబడ్డాడు. “నేను దవ్విన గుంత నాకు తెల్వదా” అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

ముగ్గురూ మూడు చోట్ల నిలబడ్డారు. ఎవరూ కదలలేదు. ముగ్గురూ నన్నే చూశారు, నేను ఎవరి దగ్గరికి వస్తానో అని. నాకు మీలాగా ఒక చోటు లేదు కరుణ్. నేను ఆ రోజు మంచం మీద ఉన్నాను. ఎటు పోవాలో తెలియక ఉన్నచోటే కూర్చున్నాను. ఆ సిమెంటు ఎండకు కాలుతోంది. అయినా కూర్చున్నాను. అప్పుడు విమానం ఒకటి మన మీదుగా దిగింది. ఆ మోతలో నేను ఏడ్చింది మీకెవరికీ వినపడలేదు. మంచిదే అయింది.

బాపు నన్ను మైలార్‌దేవ్‌పల్లి ఇంటికి రమ్మన్నాడు. పోయాను. అన్నం పెట్టాడు. తినేటప్పుడు ఆయన చెవినే చూశాను. ఆయనకు తెలిసి, తల అటు తిప్పి కూర్చున్నాడు, నాకు బాగా కనపడేలా.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది చెప్తాను. నేను సాతంరాయికి తిరిగి రాను. కోపం లేదు. నువ్వు ఆ రోజు మాట్లాడి ఉంటే అని ఇంతకుముందు అనుకునేదాన్ని, ఇప్పుడు అదీ అనుకోవడం లేదు. కానీ నీ ముఖం చూసినప్పుడల్లా, ఆమెను చూసిన కళ్లు ఇవి అనిపిస్తుంది. ఆ కళ్లతో నువ్వు నాకు చెంబు అందిస్తావు, కూరలు తెస్తావు, నవ్వుతావు. నేను భరించలేను. నువ్వు కూడా నన్ను చూసినప్పుడల్లా ఏదో దాస్తున్నవాడిలానే ఉంటావు, దాచడానికి ఏమీ లేకపోయినా. ఇలా బతకలేం. ఇక్కడే ఉండిపోతానని బడిలో రాసిచ్చాను. అత్తమ్మకు నేనే చెప్తాను, నువ్వు చెప్పకు.

నీరంగి రాయడం మానకు. అది బాగుంది. టీచరుగా చెప్తున్నాను. ఆ చెవి, ఆ పిడికిలి, ఆ జుట్టు అన్నీ ఉండనివ్వు. నీవి అవి. నువ్వు చూశావు. పేరు మాత్రం తీసెయ్యి. నేను చూడలేదు, ఎత్తుకోలేదు, నీళ్లు పోయలేదు. నాకు ఆమెను పిలుచుకోవడానికి ఆ ఒక్క మాటే ఉంది. అది అందరి నోటా అరిగిపోతే నాకేమీ మిగలదు.

ఇక్కడి పిల్లలకు పాటలో ఆ పేరు వద్దని చెప్పాను. “మరి రాణి పేరేంది టీచర్?” అన్నారు.

లేదన్నాను.

అనూ

———

సాతంరాయి,
మార్చి.

అనూ,

అమ్మకు నువ్వు రాసిన ఉత్తరం నేనే చదివి వినిపించాను. విని, మళ్లీ చదవమంది. తర్వాత లేచి వంటింట్లోకి పోయింది.

మొన్న ఆదివారం అత్తాపూర్‌లో జీవన్ నన్ను మళ్లీ చదవమన్నాడు. వద్దన్నా వినలేదు. కొత్తవాళ్లు చాలామంది వచ్చారు, కుర్చీలు చాలక నిలబడ్డారు. రాణి కవితే కావాలన్నారు. ఫోన్లు మూసెయ్యమని అడిగి, చదివాను.

‘అందరిలో చిన్న రాణి’ దాకా వచ్చాను. ఆ తర్వాత నువ్వు చెప్పినట్టే పేరు పలకలేదు. ఇంకో పేరు పెట్టలేదు, దాటేసి ముందుకు పోనూ లేదు. ఆ పేరు పలకడానికి పట్టేంతసేపు ఊరుకున్నాను. మిద్దె మీద ఎవరూ కదల్లేదు. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

ముందు వరుసలో ఒక పెద్దాయన పక్కనున్నాయనతో మెల్లగా అన్నాడు, “పాపం, మర్చిపోయిండు.”

నేను కాదనలేదు. తర్వాతి పాదం చదివాను.

కరుణ్